గొలుసు ఱంపమునకు నూనె కలుపు పాళ్లు

మన సంఘమువారు సభ్యులకు అద్దెకిచ్చుచుండు గొలుసు ఱంపములలో రెండు గడచిన సరుగుడు కోతలలో పది దినముల యెడముతో మూలబడినవి. రెండింటికిని పైకి కనబడిన జబ్బు ఒక్కటే. నడుచుచున్న ఇంజిను బిగిసిపోయి, ఎంత త్రాడు లాగినను కదలకపోయెను. తోటగట్టున లారీ నిలిచియుండగా, మిగిలిన వరుసలను కూలీలు గొడ్డళ్లతోను చేతి ఱంపములతోను నఱకవలసివచ్చెను. మరమ్మతుశాలలో విప్పి చూడగా రెండింటి పిస్టన్లును గీచుకొనిపోయియుండెను. కాని గీతల తీరు మాత్రము ఒక్కటి కాదు. ఒకదానికి గీతలు చుట్టును ఉన్నవి. రెండవదానికి పొగ వెడలు వైపున మాత్రమే ఉన్నవి.

యంత్రములను తీసికొనిపోయిన సభ్యు లిద్దఱును నమ్మదగినవారే. ఇద్దఱును "నూనె పోసితిమి" అని చెప్పిరి. విచారింపగా ఇద్దఱును నిజమే చెప్పినట్లు తేలినది. మొదటి వారు నూనె పోసినది గొలుసు నూనె గదిలో. పెట్రోలు గదిలో పోసినది ఒట్టి పెట్రోలు. ఒకే యంత్రమునకు రెండు మూతలుండుటయు, రెండింటిలోను ద్రవపదార్థమే పోయవలసి యుండుటయు ఈ పొరపాటునకు మూలము. రెండవ వారు లీటరునకు 20 మిల్లీలీటర్ల చొప్పున కొలత తప్పక కలిపినారు. అయితే కలిపినది ఉగాదినాడు. వాడినది వినాయకచవితి వెళ్లిన తరువాత. నడుమ ఆ డబ్బా పశువుల కొట్టములో, వదులు మూతతో, వానాకాలమంతయు గడపినది.

ఈ మరమ్మతు వ్యయము ఎవరు భరింపవలెనను విషయమై కార్యవర్గ సమావేశములో చాలసేపు వాదోపవాదములు జరిగెను. తేలక పోవుటకు కారణ మొక్కటే. ఏ నూనె కలుపవలెనో, ఎంత కలుపవలెనో, కలిపినది ఎన్నాళ్లు నిలువ యుంచవచ్చునో మేము ఎవరికిని వ్రాసి యియ్యలేదు. ఆ లోపము మాది. కావున నీ సంచికలో ఆ సంగతిని కొంత విపులముగా వ్రాయుచున్నాము. మందు పిచికారి చేయు పవర్ స్ప్రేయర్లలోను, గడ్డికోత యంత్రములలోను టూస్ట్రోకు ఇంజిను గలవానికి నిందు చెప్పినది చాలవఱకు వర్తించును. ఫోర్‌స్ట్రోకు ఇంజిను గలవానికి వర్తింపదు. వానిలో నూనె కలిపిన పెట్రోలు పోయనే కూడదు.

ముందుగా, పెట్రోలులో నూనె ఏల కలుపవలెను? ట్రాక్టరుకు గాని, నేటి మోటారు సైకిలుకు గాని ఇంజిను అడుగున నూనె నిలుచు తొట్టి యుండును. అందుండి నూనె పైకి వచ్చి, భాగములను తడిపి, మరల తొట్టిలోనికి దిగును. అదే నూనె కొన్ని నెలలపాటు తిరుగుచుండును. గొలుసు ఱంపమును పట్టుకొని పనిచేయువాడు దానిని నిలువుగా పట్టును, అడ్డముగా త్రిప్పును, కొమ్మల నడుమ నించుమించు తలక్రిందులు చేయును. అట్టి యంత్రములో తొట్టి నూనె ఒకచోట నిలుచుట కష్టము. పైగా తొట్టియు, కవాటములును, వానిని నడపు సామగ్రియు చేర్చినచో చేతితో ఎత్తుటకు బరువగును.

టూస్ట్రోకు ఇంజినులో పెట్రోలును గాలియు కలిసి నేరుగా సిలిండరులోనికి పోవు. పిస్టను పైకి లేచునపుడు అవి దాని క్రింది గదిలోనికి, అనగా క్రాంకు తిరుగు గదిలోనికి, పీల్చబడును. పిస్టను దిగునపుడు అచ్చటినుండి ప్రక్క దారులగుండ సిలిండరులోనికి నెట్టబడి అచ్చట మండును. ఈ విధమైన ఇంజినుకు 1891 లో ఇంగ్లండులో జోసెఫ్ డే అను నాతడు పేటెంటు పొందెను. క్రాంకు గదిగుండ పోవునపుడే పెట్రోలులోని నూనె బేరింగులపైనను, పిస్టను పక్కలపైనను, సిలిండరు గోడపైనను సన్నని పొరగా నిలిచి, పిదప కాలిపోయి పొగతో వెడలిపోవును. అది మరల తిరిగి రాదు. నేడు పోసిన నూనె నేటి పనికే. పెద్ద ఱంపములు బరువు లేక నడుచునపుడు నిమిషమునకు 12,000 చుట్లకు పైగా తిరుగును. అంతటి వేగములో నూనెపొర లేని పిస్టను చెడుటకు గంటలు పట్టదు. కొన్ని నిమిషములు చాలును. కావుననే ఒట్టి పెట్రోలు పోసిన మొదటి యంత్రము ఆ పూటనే పోయెను.

నూనె అన్నంతమాత్రమున అన్నియు నొక్కటి కావు. మన గ్రామములలో ఎక్కువ తప్పులు జరుగుచున్నది ఇచ్చటనే. టూటీ నూనె అను పేరుతో దొరకు డబ్బాపై వెనుకవైపున సన్నని యక్షరములతో కొన్ని గుర్తులుండును. ధర చూచుటకు ముందు ఆ గుర్తులను చూడవలెను. ఏపిఐ టి.సి. అనునది అమెరికావారి గుర్తు. జాసో అనునది జపానువారి ప్రమాణము. దానిలో ఎఫ్‌బి, ఎఫ్‌సి, ఎఫ్‌డి అను తరగతులు కలవు. ఎఫ్‌బి కంటె ఎఫ్‌సి పొగ తక్కువ. ఎఫ్‌డి పొగ తక్కువగా నుండుటయేగాక లోపలి మసిని మఱింత శుభ్రముగా నుంచును. అంతర్జాతీయ ప్రమాణములో వీనికి సరియైన తరగతులు ఇజిబి, ఇజిసి, ఇజిడి అని యుండును. గొలుసు ఱంపము గాలిచే చల్లబడు యంత్రము; పనిలో దాని సిలిండరు మిక్కిలి వేడెక్కును. ఆ వేడికి తగిన నూనె కావలెను. ఎఫ్‌సి గాని, ఎఫ్‌డి గాని గుర్తుగల నూనెను తెచ్చుకొనుడని మా సలహా. ఈ గుర్తులేవియు లేని డబ్బాను, ఎంత తక్కువ ధరకు వచ్చినను, అంగడిలోనే విడిచి రావలెను.

సముద్రతీర గ్రామముల సభ్యులకు ప్రత్యేకముగా నొక మాట. పడవ వెనుక తగిలించు ఇంజినుల కొఱకు టి.సి.డబ్ల్యు.-3 అను గుర్తుగల నూనె అమ్ముదురు. అదియు టూస్ట్రోకు నూనెయే, మంచి నూనెయే. అయితే అది నీటిచే చల్లబడు ఇంజినులకై చేసినది. అవి ఱంపములంత వేడెక్కవు. పడవకు తెచ్చిన డబ్బాలో మిగిలినది ఱంపమునకు పోయుట పొదుపువలె కనబడును గాని, ఆ నూనె ఇంతటి వేడికి నిలుచునది కాదు. ఆ పని చేయవలదు.

ట్రాక్టరుకు, మోటారు సైకిలుకు వాడు ఇంజిను నూనెను ఇందు కలుపుట మఱియొక పొరపాటు. ఆ నూనె కాలిపోవుటకు గాక, నిలిచి పనిచేయుటకై చేసినది. అందలి లోహసంబంధమైన మందులు కాలినపుడు బూడిదగా మిగిలి ప్లగ్గును చెఱచును. పిస్టను తలపై గట్టిపడి, నిప్పుకణికవలె ఎఱ్ఱబడి, కాలము గాని కాలమున పెట్రోలును అంటించును. ఇక ట్రాక్టరునుండి దింపిన వాడిన నూనెను గూర్చి చెప్పనేల? దానిలో అరిగిన లోహపు రజను కలసియుండును. దానిని గొలుసు నూనె గదిలో సైతము పోయరాదు. గొలుసు తిరుగు పట్టీకి ఆ రజను ఆకురాయివలె పనిచేయును. అదిగాక పని చేయువాని బట్టలపైనను, చేతులపైనను చిమ్ము నూనె అది.

ఆముదమును గూర్చి కొందఱు పెద్దలు మమ్ము అడిగియున్నారు. అడుగుట సహేతుకమే. పూర్వము పందెపు వాహనముల ఇంజినులకు ఆముదము మేలైన కందెనగా పేరుపొందినది. కాస్ట్రాల్ అను వ్యాపారనామము సైతము ఆంగ్లములో ఆముదమునకు గల పేరునుండి పుట్టినదే. ఎక్కువ వేడికి నిలుచు గుణము దానికి కలదు. అయినను అది కాలినపుడు బంకవలె పేరుకొని పిస్టను చుట్ల గాడులను పట్టివేయును. పెట్రోలుతో సులభముగా కలియక విడిపోవును. పందెపు బండిని పందెము కాగానే విప్పి తుడుచుదురు. మన ఱంపమును విప్పి తుడుచు తీరిక ఎవరికున్నది? ఆముదమును ఇంటనే యుంచుకొనుడు.

నూనె రంగును చూచి దాని గుణమును నిర్ణయింపరాదు. ఎఱుపు, నీలము, ఆకుపచ్చ అను రంగులను తయారించువారు కలుపుచున్నది, నూనె కలిసిన పెట్రోలును ఒట్టి పెట్రోలునుండి కంటితో గుర్తించుట కొఱకే. అంతవఱకు ఆ రంగు చాల ఉపకారి. గాజు గ్లాసులో కొంచెము పోసి చూచినచో తెలియును.

ఇక పాళ్ల సంగతి. 50:1 అనగా ఏబది పాళ్లు పెట్రోలునకు ఒక పాలు నూనె. దీనినే కొన్ని పుస్తకములలో 1:50 అనియు, కొన్నిటిలో 2 శాతము అనియు వ్రాయుదురు. మూడును ఒక్కటే. లీటరునకు ఎన్ని మిల్లీలీటర్లో తెలియవలెనన్నచో వేయిని పెద్ద సంఖ్యతో భాగింపవలెను. 50:1 కి 20 మిల్లీలీటర్లు. 40:1 కి 25. 33:1 కి 30. 25:1 కి 40. అయిదు లీటర్ల డబ్బాకు వరుసగా 100, 125, 150, 200 మిల్లీలీటర్లు. ఇంత సులభమైన లెక్కలో తప్పు ఎట్లు వచ్చునని అనుకొనవచ్చును. "1:50" అని చూచి లీటరునకు 50 మిల్లీలీటర్లు పోసిన సభ్యులను మేమెఱుగుదుము. అది 20:1 అగును. కావలసినదానికి రెండున్నర రెట్లు. దీనికి వ్యతిరేకముగా "25:1" అని యున్నచోట 25 మిల్లీలీటర్లు పోసినవారును గలరు. అది 40:1. మొదటి తప్పు పొగతో పోవును. రెండవ తప్పు పిస్టనుతో పోవును.

ఏ పాళ్లు ఏ యంత్రమునకు? అందఱును ఒక్క సంఖ్యను అడుగుచున్నారు. నూనె యేదో చెప్పక ఆ ప్రశ్నకు ఉత్తరము లేదు. స్టిల్ కంపెనీవారు తమ నూనెను వాడినచో 50:1 అనియు, ఇతరుల టి.సి. తరగతి నూనెను వాడినచో 25:1 అనియు తమ పుస్తకములలో వ్రాసినారు. హస్క్‌వర్నా కంపెనీవారు తమ నూనెకు 50:1 అనియు, గాలిచే చల్లబడు ఇంజినులకు తగిన జాసో ఎఫ్‌బి తరగతి వేఱు నూనెలకు 33:1 అనియు చెప్పుచున్నారు. ఒకే ఱంపమునకు నూనె మారగానే కొలత రెట్టింపు కావచ్చునని దీనివలన తెలియుచున్నది గదా. పొరుగువాని యంత్రమునకు చాలిన కొలత మన యంత్రమునకు చాలకపోవుటకు కారణమిదియే. తక్కువ ధరకు దొరకు ఱంపముల పుస్తకములలో 25:1 అని యుండుట తఱచు. ఆ యంత్రమునకు ఆ కొలతయే పోయవలెను. క్రొత్త యంత్రమును మొదటి కొన్ని గంటలు ఎక్కువ నూనెతో నడుపవలెనని పుస్తకములో నున్నచో దానిని పాటింపవలెను. లేనిచో సొంతముగా చేర్చవలసిన పని లేదు. బరువు లేక పూర్తి వేగముతో ఊరక తిప్పకుండిన చాలును.

కంపెనీవారు తమ నూనె అమ్ముకొనుటకే ఇట్లు వ్రాయుదురని మన సభ్యులలో కొందఱి యనుమానము. అందు కొంత నిజము లేకపోలేదు. అయితే అన్యుల నూనె తరగతిని వారు నిర్ణయింపలేరు గనుక, దానికి భద్రమైన హెచ్చు కొలతను చెప్పుట వారికి తప్పదు. మంచి ఎఫ్‌డి నూనెను 50:1 చొప్పున వాడి ఏ చెఱుపును పొందని వారు అనేకులు గలరు. అయినను మన సంఘపు యంత్రము పదిమంది చేతులలో తిరుగునది. పుస్తకము చెప్పినదానికంటె తగ్గించి సాహసము చేయుటకు మేము సమ్మతింపము.

అట్లయిన ఎంత ఎక్కువైనను మేలేగదా యని అనరాదు. నూనె మిక్కుటమైనచో ప్లగ్గు నల్లబడును. సైలెన్సరులోని జల్లెడకును, పొగ వెడలు రంధ్రమునకును మసి పట్టును. యంత్రము బలము తగ్గి, పని చేయువాడు పొగను పీల్చవలసి వచ్చును. ఇంకొక సూక్ష్మ విషయము కలదు. కార్బురేటరు విడుచు ద్రవమునకు ఒక కొలత యుండును. అందులో నూనె పెరిగినచో పెట్రోలు తగ్గును. 50:1 లో నూటికి 98 పాళ్లు పెట్రోలుండగా, 25:1 లో 96 పాళ్లే యుండును. అందుచే గాలికి తగిన పెట్రోలు చాలక ఇంజిను కొంచెము పలుచగా నడచును. ఆ తేడా స్వల్పమే. కావున కొలతలో సందేహము కలిగినపుడు ఎక్కువవైపునకు తప్పుట తక్కువవైపునకు తప్పుటకంటె మేలు. మసిని తుడువవచ్చును, గీచుకొనిన సిలిండరును తుడిచి ప్రయోజనము లేదు.

రెండవ యంత్రము చెడిన కథ ఇంతకంటె ముఖ్యమైనది. ఏలయనగా ఆ సభ్యుడు కొలతలో ఏ తప్పును చేయలేదు. ఇప్పుడు బంకులలో పోయుచున్నది మన పెద్దలు స్కూటర్లకు పోసిన పెట్రోలు కాదు. చెఱకు, ధాన్యము మొదలగువానినుండి తీసిన ఎథనాలును దానిలో కలుపుచున్నారు. మన దేశములో 2022 నాటికి నూటికి 10 పాళ్లును, 2025 నాటికి 20 పాళ్లును కలుపుట సాధింపబడినది. రైతు పండించిన పంటనుండి వచ్చినది గనుక దానిని నిందించుట మా యుద్దేశము కాదు. దాని స్వభావమును తెలిసికొనుట మాత్ర మవసరము.

ఎథనాలునకు నీరనిన ప్రీతి. గాలిలోని తేమను అది పీల్చుకొనును. వదులు మూతగల డబ్బాలో నెలల తరబడి యుంచినచో, అందును వాన చినుకు పడినచో, కొంత నీరు చేరును. నీరు ఒక మితిని దాటగానే ఎథనాలు పెట్రోలును విడిచి ఆ నీటితో గూడి అడుగునకు దిగును. పైన పెట్రోలు, క్రింద సారాయి వంటి నీటిపొర. మనము పోసిన నూనె ఎచ్చట నున్నది? పై పొరలో, పెట్రోలుతోనే. ఱంపపు గదిలో పెట్రోలును పీల్చు గొట్టము చివర బరువైన వడపోత యుండి, అది ఎల్లప్పుడు అడుగుననే పడియుండును. కావున ఇంజిను మొదట పీల్చునది నూనె లేని అడుగు పొరను. కొలత ప్రకారము పోసిన నూనె గదిలో పైన తేలుచుండగా క్రింద పిస్టను ఎండిపోవుచుండును. మా మరమ్మతుశాలవారు రెండవ ఱంపపు గదిని గాజుసీసాలో వంపి చూపినపుడు రెండు పొరలును కంటికి కనబడినవి. ఆ సభ్యుడు ఆ సీసాను చాలసేపు చూచి, ఏమియు మాటాడక కూర్చుండెను.

ఎథనాలు మఱి రెండు పనులు చేయును. మొదటిది, ప్రాతకాలపు రబ్బరు గొట్టములను, కార్బురేటరులోని సన్నని పొరలను గట్టిపఱచి చిట్లించును. చిట్లినచోట గాలి దూరును. రెండవది, ఎథనాలులో ప్రాణవాయువు ముందుగనే కలిసి యున్నందున, అదే గాలికి ఎక్కువ ద్రవము కావలెను. ఒట్టి పెట్రోలునకు సరిచేసిన కార్బురేటరులో 20 పాళ్ల ఎథనాలు పోసినచో ఇంజిను పలుచగా, వేడిగా నడచును. తానే సరిచూచుకొను కార్బురేటరుగల క్రొత్త యంత్రములకు ఈ చిక్కు తక్కువ. మరలతో త్రిప్పు కార్బురేటరు గలదానిని పనివానిచేత ఒక్కమారు సరిచేయించుట మంచిది. ఎక్కువ వేగము వచ్చుననుకొని ఆ మరను స్వయముగా బిగించుట మాత్రము కూడదు. ఈ లోపమునకు నూనె పెంచుట విరుగుడు కాదు. పైన చెప్పినట్లు అది పెట్రోలును ఇంకను తగ్గించును. పిస్టనుకు చుట్టును గీతలున్నచో సాధారణముగా నూనె లేమి యనియు, పొగ వెడలు వైపుననే యున్నచో అధికమైన వేడి యనియు పనివారు గుర్తింతురు. మన రెండు యంత్రములు ఆ రెండింటికిని నిదర్శనములు.

పెట్రోలులో ఎథనాలు ఎంత యున్నదో చూచుట కష్టము కాదు. గీతలుగల సన్నని గాజు కొలగొట్టములో 10 మిల్లీలీటర్ల నీరు పోసి, దానిపై 100 మిల్లీలీటర్ల ఒట్టి పెట్రోలు పోసి, మూసి కుదిపి, కొంతసేపు నిలుపవలెను. ఎథనాలు నీటితో గూడి దిగును. అడుగు పొర 10 నుండి ఇంచుమించు 20 కి పెరిగినచో నూటికి 10 పాళ్లు, 30 వఱకు పెరిగినచో 20 పాళ్లు అని తెలిసికొనవచ్చును. ఆరుబయట, నిప్పునకు దూరముగా ఈ పరీక్ష చేయవలెను; ఆ పెట్రోలును మరల వాడరాదు. ఇట్లే నీటితో కడిగి ఎథనాలును తీసివేసి వాడుదమని ఒకరు సూచించిరి. ఎథనాలు పోయిన పెట్రోలునకు ఆక్టేను గుణము తగ్గును, తడియు మిగులును. అది తగదు. యంత్రపు పుస్తకములో ఎథనాలు 10 పాళ్లకు మించరాదని యున్నవారు, కొన్ని కంపెనీలు ఎథనాలు లేక తయారించు సిద్ధమిశ్రమపు డబ్బాలను వాడవచ్చును. ధర హెచ్చు, నిలువకు మాత్రము అంతకంటె మేలైనది లేదు. సంవత్సరమునకు నాలుగు దినములే ఱంపమును తీయువారికి అది గిట్టుబాటు కావచ్చును.

బంకు పెట్రోలును కలుపుకొనువారు నెల దినములలో ముగియునంతయే కలుపవలెను. శుభ్రమైన, బిగుతు మూతగల, పెట్రోలునకై చేసిన డబ్బాలో మొదట సగము పెట్రోలు పోసి, కొలిచిన నూనెను చేర్చి, మూసి బాగుగా కుదిపి, మిగిలిన పెట్రోలును పోసి మరల కుదుపవలెను. ఱంపపు గదిలో పోయుటకు ముందు ప్రతిమారును డబ్బాను కుదుపవలెను. ఱంపపు గదిలోనే పెట్రోలును నూనెను విడివిడిగా పోసి కలుపుట పనికిరాదు. నూనె కొలుచుటకు డబ్బా మూత కొలమానము కాదు, మూతలు నానావిధములు. పశువుల సూదిమందునకు వాడు 20 మిల్లీలీటర్ల సిరంజి క్రొత్తది యొకటి ఇందులకే కేటాయించుకొనవచ్చును. పురుగుమందు కొలిచిన పాత్రను తాకకుడు.

వేడిగానున్న యంత్రములో పెట్రోలు పోయరాదు. చల్లారనిచ్చి, మూతచుట్టు పొట్టును తుడిచి, పోసిన చోటినుండి కనీసము మూడు మీటర్లు దూరము పోయి త్రాడు లాగవలెను. చుట్ట త్రాగువారు ఆ పని ముగియువఱకు ఓపిక పట్టవలెను. కోతలు ముగిసిన పిదప గదిని ఖాళీ చేసి, కార్బురేటరులో మిగిలినది కాలువఱకు ఇంజినును నెమ్మదిగా నడిపి ఆపి, అటుపిమ్మట యంత్రమును దాచవలెను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానునాడు విశాఖపట్టణములోను, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానునాడు ఉద్దానపు కొబ్బరితోటలలోను చెట్లు దారులకడ్డముగా కూలిన సంగతి మన సభ్యులకు తెలియును. అట్టి దినమున, ప్రాత పెట్రోలుతో నెలల తరబడి మూలనుంచిన ఱంపము త్రాడునకు లేవదు. లేచినచో నడుమ బిగియును. తుఫాను హెచ్చరిక రాగానే క్రొత్తగా అయిదు లీటర్లు కలిపి యుంచుకొనుట ఆ ప్రాంతముల వారికి మంచి అలవాటు.

పని నడుచునపుడు ఇంజిను ధ్వనిని గమనింపవలెను. బరువు లేకున్నపుడు ధ్వని సన్నబడి కీచుమని పెరుగుట, మీట విడిచినను వేగము తగ్గకుండుట, గది ఖాళీ కావచ్చినపుడు ఒక్కసారి వేగము హెచ్చుట, ఇవి ఇంజిను పలుచగా నడుచుచున్నదనుటకు గుర్తులు. వెంటనే ఆపవలెను. ఇంకొక్క దుంగ కోసి ఆపుదమనుకొనిన దుంగకే సాధారణముగా పిస్టను పోవును.

పైన చెప్పిన రెండు మరమ్మతుల వ్యయమును సంఘమే భరించుటకు కార్యవర్గము తీర్మానించినది. వ్రాసి యియ్యని నియమమును తప్పినారని ఎవరిని శిక్షించుట న్యాయము కాదు. ఇకమీదట ప్రతి ఱంపముతోను అయిదు లీటర్ల డబ్బాయు, 100 మిల్లీలీటర్ల కొలసీసాయు కలిపి యియ్యబడును. పెట్రోలు గది మూతకు ఎఱుపు, గొలుసు నూనె గది మూతకు నలుపు రంగు వేయించితిమి. డబ్బా మెడకు కట్టిన రేకుపై ఆ యంత్రమునకు తగిన నూనె తరగతియు, లీటరునకు మిల్లీలీటర్ల కొలతయు చెక్కబడియుండును. కలిపిన తేదీని సుద్దతో వ్రాయుటకు దాని వెనుకవైపు నల్లగా విడువబడినది. తేదీ వ్రాయని డబ్బాతో యంత్రమును తిరిగి యిచ్చువారినుండి డబ్బాలోని మిశ్రమమును గుమాస్తా స్వీకరింపడు. నెల మీఱిన మిశ్రమము మిగిలినవారు దానిని కాలువలో పోయక, మోయక, సంఘపు గిడ్డంగికి తెలియజేసినచో వేఱుగా నుంచిన పీపాలో పోయించెదము.